పాత కారులో కూలెంట్ తగ్గిపోతోందా? లీకు పట్టుకోవడం నుంచి బాగుచేయడం దాకా

కారు పదేళ్లు దాటాక గ్యారేజీలో తరచూ వినిపించే సలహా ఒకటుంది: "కొంచెం కొంచెం తగ్గుతుంది సార్, పోసుకుంటూ ఉండండి." ఇంజిన్ ఆయిల్ విషయంలో ఆ మాటలో కొంత నిజముంది, పాత ఇంజిన్ కాస్త ఆయిల్ తాగుతుంది. కూలెంట్ సంగతి వేరు. అది ఇంజిన్‌ను చల్లబరుస్తూ మూసి ఉన్న దారిలో తిరుగుతూ ఉండే ద్రవం. ఏడాది మొత్తం మీద రిజర్వ్ డబ్బాలో మట్టం కొద్దిగా దిగితే కంగారు అక్కర్లేదు. నెలకోసారి అర లీటరు పోయాల్సి వస్తోందంటే మాత్రం అది ఎటో పోతోంది. రోడ్డు మీదికి పోవచ్చు, కారు లోపలి కార్పెట్ మీదికి పోవచ్చు, సిలిండర్‌లోకే పోవచ్చు. మూడోదే అన్నిటికన్నా ఖరీదైనది. మొదటి రెండూ పట్టించుకోకపోతే చివరికి అక్కడికే చేరతాం.

లీకు కళ్లారా చూడకుండా ఒక్క పార్టు కూడా మార్చొద్దు. "వాటర్ పంపు అయ్యుంటుంది", "రేడియేటర్ పాతది కదా" అనే ఊహల మీద పార్టులు మార్చుకుంటూ పోతే ఖర్చు పెరుగుతుంది, లీకు అలాగే ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా వెతకడం గురించే ఉంది. రిపేరు చాలాసార్లు అంతకన్నా తేలిక.

మీ కారులో ఏర్పాటు ఏ రకమో చూసుకోండి

బానెట్ ఎత్తండి. ఆల్టో, వ్యాగన్ ఆర్ లాంటి కార్లలో రేడియేటర్ మీదే ఒక లోహపు మూత ఉంటుంది, పక్కన ఒక ప్లాస్టిక్ రిజర్వ్ డబ్బా ఉంటుంది. ఒత్తిడి రేడియేటర్‌లో ఉంటుంది, డబ్బాలో ఉండదు. ఇంజిన్ వేడెక్కినప్పుడు వ్యాకోచించిన కూలెంట్ మూత దాటి డబ్బాలోకి వస్తుంది, చల్లారాక సన్న గొట్టం గుండా వెనక్కి వెళ్తుంది. పోలో, ఫిగో లాంటి వాటిలో రేడియేటర్ మీద మూత ఉండదు. మరలు తిప్పి బిగించే మూతతో మందపాటి ప్లాస్టిక్ ట్యాంకు ఉంటుంది, ఒత్తిడంతా అందులోనే. ఈ తేడా ఎందుకు తెలియాలంటే, మొదటి రకంలో డబ్బా నిండుగా ఉన్నా రేడియేటర్ ఖాళీగా ఉండొచ్చు. డబ్బా చూసి "కూలెంట్ ఉంది" అనుకుని ఇంజిన్ కాల్చుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

మూత మీద అంకె కూడా చూడండి. 0.9 లేదా 1.1 అని ఉంటే అది బార్ లెక్క. కొన్ని జపాన్ రకం మూతల మీద 88 లేదా 108 అని కిలోపాస్కల్‌లలో ఉంటుంది. 0.9 అన్నా 88 అన్నా దాదాపు ఒకటే, 1.1 అన్నా 108 అన్నా అంతే. మామూలుగా నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. 0.9 బార్ ఒత్తిడి కింద దాదాపు 119 డిగ్రీల దాకా మరగవు. కూలెంట్ సగం పాళ్లు కలిస్తే ఇంకొన్ని డిగ్రీలు అదనం. అంటే లీకు వల్ల పోయేది ద్రవం ఒక్కటే కాదు, ఒత్తిడి కూడా. ఒత్తిడి నిలవని బండి మే నెలలో రామగుండంలోనో, ఏసీ వేసుకుని తిరుమల ఘాట్ ఎక్కుతూనో పొంగిపోవడానికి కారణం ఇదే.

ముట్టుకునే ముందు

వేడి ఇంజిన్ మీద మూత తిప్పొద్దు. ఆపిన వెంటనే తిప్పితే లోపలున్న మరిగే కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది. కనీసం రెండు గంటలు ఆగండి, రాత్రంతా ఆగితే ఇంకా మంచిది. పై హోస్ పైపు (రేడియేటర్ పై భాగాన్నీ ఇంజిన్‌నూ కలిపే లావు రబ్బరు గొట్టం) చేత్తో నొక్కితే మెత్తగా ఉండాలి, బిగువుగా ఉంటే లోపల ఒత్తిడి ఉన్నట్టే. ఎలక్ట్రిక్ ఫ్యాన్ కొన్ని బండ్లలో తాళం తీశాక కూడా తిరుగుతుంది, చేతులు, చున్నీ, కండువా దూరంగా ఉంచండి. ఇంకో మాట: కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకేస్తాయి. పళ్లెంలో పట్టిన పాత కూలెంట్‌ను పిల్లలకు అందేలా వదలొద్దు, నేల మీద పారబోయొద్దు. కిందపడిన చుక్క ఏమిటో తెలుసుకోవడానికి నాలుక మీద వేసుకునే మెకానిక్కులను చూశాను. మీరు ఆ పని చేయకండి.

మొదటి అడుగు: ఎంత వేగంగా తగ్గుతోందో లెక్క తేల్చండి

ఉదయం, బండి కదల్చకముందు, సమతలంగా ఉన్న చోట రిజర్వ్ డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టండి. ఓడోమీటర్ అంకె రాసుకోండి. రేడియేటర్ మూత ఉన్న రకమైతే మూత తీసి కూలెంట్ అంచు దాకా ఉందో లేదో కూడా చూడండి. వారం రోజులు మామూలుగా తిప్పి మళ్లీ చూడండి.

ఈ వారంలో ఎప్పుడు తగ్గుతోందో కూడా గమనించండి. హైవే మీద పోయి వచ్చాకే తగ్గుతుంటే అది ఒత్తిడి పూర్తిగా ఉన్నప్పుడు తెరుచుకునే లీకు. రాత్రి నిలబెట్టి ఉంచితే తెల్లారేసరికి కింద చుక్కలుంటే అది చల్లారినప్పుడు తెరుచుకునే లీకు. ప్లాస్టిక్, రబ్బరు, అల్యూమినియం ఒక్కో తీరుగా కుంచించుకుపోతాయి కాబట్టి వదులైన క్లిప్పు దగ్గర చల్లగా ఉన్నప్పుడే కారుతుంది. ఈ రెండో రకాన్ని గ్యారేజీలో వేడి ఇంజిన్ మీద ఎంత వెతికినా దొరకదు. "ఏం లేదు సార్, బాగానే ఉంది" అనే మాట అలా పుడుతుంది.

రెండో అడుగు: మూత

మొత్తం వ్యవస్థలో అన్నిటికన్నా చవకైన భాగం ఇది, ఎవరూ చూడని భాగం కూడా ఇదే. ఇంట్లో కుక్కర్ గ్యాస్కెట్ గట్టిపడితే విజిల్ రాకుండా ఆవిరంతా పక్కల నుంచి పోతుంది కదా, ఇక్కడా అంతే. రబ్బరు వాషరు పగిలిందా, అంచున లోతైన గాడి పడిందా, స్ప్రింగు తుప్పు పట్టిందా చూడండి. మూత మధ్యలో ఉండే చిన్న వాల్వును గోటితో లాగితే వచ్చి మళ్లీ తనంతట తాను కూర్చోవాలి. చల్లారేటప్పుడు డబ్బాలోని కూలెంట్‌ను వెనక్కి పీల్చుకునేది ఆ వాల్వే.

ఒక గుర్తు చెబుతాను. బండి తిప్పి వచ్చాక డబ్బా నిండుతోంది, ఉదయానికి మట్టం మళ్లీ కిందికి దిగడం లేదు, రేడియేటర్‌లో మాత్రం తక్కువగా ఉంది. అలాగైతే మూతలోని ఆ చిన్న వాల్వు పట్టేసి ఉండాలి, లేదంటే డబ్బాకు వెళ్లే సన్న గొట్టం ఎక్కడో పగిలి గాలి పీలుస్తూ ఉండాలి. కొన్నిసార్లు పై హోస్ పైపు పీల్చుకుపోయి చదునుగా కనిపిస్తుంది, అదీ ఈ వాల్వు పనే. మూత వయసు ఎంతో తెలియకపోతే మార్చేయండి, అదే అంకె ఉన్నది వేయండి. "గట్టిది వేస్తే మంచిది" అని 0.9 స్థానంలో 1.1 వేస్తే పాత రేడియేటర్ ప్లాస్టిక్ అంచు దగ్గర విచ్చుకుంటుంది.

మూడో అడుగు: కళ్లతో వెతకడం

చల్లని ఇంజిన్, మంచి టార్చి, దంతవైద్యులు వాడేలాంటి చిన్న అద్దం, తెల్లటి టిష్యూ పేపరు. ఇవి చాలు. తడి కోసమే వెతకొద్దు. వేడి ఇంజిన్ మీద పడిన చుక్క నేల చేరకముందే ఆవిరైపోతుంది, మిగిలేది ఎండిన చారిక. పచ్చగానో, గులాబీ రంగులోనో, తెల్లటి పెళుసు పొరగానో ఉంటుంది. ఆ చారిక పై కొస ఎక్కడుందో అక్కడే లీకు. ఫ్యాన్ గాలికి చుక్కలు వెనక్కి ఎగిరి వేరే చోట పడతాయి కాబట్టి కింద తడి ఉన్న చోటును నమ్మకండి, చారికను పట్టుకుని పైకి వెళ్లండి.

రేడియేటర్‌లో ముందుగా చూడాల్సింది అల్యూమినియం కోర్‌కూ (సన్న గొట్టాలు, రెక్కలు ఉండే మధ్య భాగం) ప్లాస్టిక్ ట్యాంకుకూ మధ్య ఉండే మడత అంచు. పాత కార్లలో రేడియేటర్ లీకులు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. హోస్ పైపు తగిలించే ప్లాస్టిక్ మూతి మొదట్లో వెంట్రుకంత పగుళ్లు ఉంటాయేమో కూడా చూడండి. తర్వాత హోస్ పైపులు: చల్లగా ఉన్నప్పుడు నొక్కితే నలిగిన చప్పుడు వస్తున్నా, చివర్ల దగ్గర ఉబ్బినా, మరీ మెత్తబడినా వాటి పని అయిపోయినట్టే. ఆయిల్ తగిలిన రబ్బరు ఉబ్బి జిగురుగా మారుతుంది. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు. అది కూర్చునే డొప్ప కొన్ని బండ్లలో ప్లాస్టిక్‌దే, దాని అతుకు గీత చూడండి.

కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీల్ అరిగితే కూలెంట్ బేరింగ్‌లోకి పోకుండా బయటికి వచ్చేయడానికి కావాలనే పెట్టిన దారి అది. అక్కడ ఎండిన చారిక కనిపిస్తే పంపు మార్చాల్సిందే. ఆ రంధ్రాన్ని ఎం-సీల్‌తో మూసేసిన బండ్లు ఉంటాయి. లీకు ఆగినట్టే కనిపిస్తుంది, కొన్నాళ్లకు బేరింగ్ అరిచి పట్టేస్తుంది.

కారు కింద పాత న్యూస్ పేపరు పరచి రాత్రంతా ఉంచడం మంచి పద్ధతే. ఏసీ వేసి తిప్పిన వెంటనే మాత్రం చేయొద్దు. ఏసీ నుంచి కారే నీళ్లకు రంగు, వాసన, జిగట ఏవీ ఉండవు. కూలెంట్ వేళ్ల మధ్య రుద్దితే జారుతుంది, తియ్యటి వాసన వస్తుంది.

కారు లోపలికి వెళ్దాం. ఎడమ వైపు ముందు సీటు కింద కార్పెట్ ఎత్తి చేత్తో తడమండి. తడిగా, జిగటగా ఉండి, అద్దం లోపలి వైపు నూనె పొరలాంటి మంచు పట్టి, బ్లోయర్ వేస్తే తియ్యటి వాసన వస్తుంటే హీటర్ కోర్ (కారు లోపలికి వేడి గాలి ఇవ్వడానికి డాష్‌బోర్డు వెనక ఉండే చిన్న రేడియేటర్) లీకవుతోంది. తడి ఉంది గానీ వాసన లేదు, జిగట లేదు అంటే ఏసీ డ్రెయిన్ గొట్టం మూసుకుపోయి ఉంటుంది. మన ఊళ్లలో రెండోదే ఎక్కువ.

నాలుగో అడుగు: ప్రెషర్ టెస్ట్

కళ్లతో దొరకనిది ఇక్కడ దొరుకుతుంది. చేతి పంపు, గేజ్, మీ బండి మూతకు సరిపోయే అడాప్టర్ ఉన్న టెస్టర్ కావాలి. ఆన్‌లైన్‌లో కిట్లు దొరుకుతాయి. కొనడం ఇష్టం లేకపోతే రేడియేటర్ షాపుల్లో ఉంటుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల రేడియేటర్ పని ఒక్కటే చేసే షాపులున్నాయి, మామూలు గ్యారేజీకన్నా అక్కడ ఈ పరీక్ష సరిగ్గా చేస్తారు.

చల్లని ఇంజిన్‌లో కూలెంట్ అంచు దాకా నింపండి. మూత స్థానంలో టెస్టర్ బిగించి, మూత మీద ఉన్న అంకె దాకా మాత్రమే పంపు కొట్టండి. 0.9 అంటే 0.9 వరకే. పదిహేను నిమిషాలు ఆగండి. ముల్లు కదలకపోతే బయట లీకు లేదు, లేదా చల్లగా ఉన్నప్పుడు లేదు. ముల్లు దిగితే టార్చి పట్టుకుని ఒక్కో అతుకూ టిష్యూతో తుడుస్తూ చూడండి, ఇప్పుడు ఇంజిన్ ఆగి ఉంది, ఫ్యాన్ లేదు, ఆవిరి లేదు కాబట్టి చుక్క పుట్టిన చోటే కనిపిస్తుంది. ఏమీ దొరక్కపోతే ఒత్తిడి అలాగే ఉంచి కార్పెట్ తడమండి. బండిని కాసేపు నడిపి, పూర్తిగా చల్లారనివ్వకుండా గోరువెచ్చగా ఉన్నప్పుడు ఇంకోసారి చేయొచ్చు, అదీ మూత సురక్షితంగా తీయగలిగినంత చల్లబడ్డాకే.

టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌తో ఈ పని చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఒక్క క్షణంలో ఒత్తిడి రెండు మూడు బార్లు దాటుతుంది, మంచి రేడియేటర్ కూడా పగులుతుంది.

ముల్లు దిగుతోంది, బయట ఎక్కడా చుక్క లేదు, లోపల కార్పెట్ పొడిగా ఉంది. అప్పుడు అనుమానం ఇంజిన్ లోపలికి మళ్లించాలి.

ఐదో అడుగు: హెడ్ గ్యాస్కెట్ పోయిందా?

ఇంజిన్ పై భాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలే హెడ్ గ్యాస్కెట్. అది పోతే కూలెంట్ సిలిండర్‌లోకి పోతుంది. "హెడ్ పోయింది" అనే మాట వినగానే సగం మంది భయపడి బండి అమ్మేస్తారు, మిగతా సగం నమ్మరు. ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకూడదు. కనీసం రెండు కలవాలి.

ఉదయం సైలెన్సర్ నుంచి కాస్త తెల్లటి ఆవిరి రావడం మామూలే, డిసెంబరులో అయితే మరీను. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా తెల్ల పొగ వస్తూ, తియ్యటి వాసన ఉంటే అది కూలెంట్ కాలడం. ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ పేరుకోవడం కూడా ఒంటరిగా రుజువు కాదు. రోజూ రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో వర్షాకాలంలో తేమ వల్ల అదే వస్తుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) లాగి చూడండి, అక్కడి ఆయిల్ కూడా పాలు కలిసిన రంగులో ఉంటే ఆ బండిని ఇక స్టార్ట్ చేయకండి, తోయించుకుని పోండి. నీళ్లు కలిసిన ఆయిల్‌తో బేరింగులు త్వరగా పాడవుతాయి.

నాకు ఎక్కువ నమ్మకమున్న పరీక్ష చల్లని ఇంజిన్ మీద చేసేది. రాత్రంతా ఆగిన బండిని స్టార్ట్ చేసి, ఒక నిమిషంలోపే పై హోస్ పైపు పట్టుకోండి. కూలెంట్ ఇంకా చల్లగానే ఉంది, వేడి వల్ల ఒత్తిడి పెరిగే సమయం కాలేదు. అయినా పైపు రాయిలా బిగుసుకుంటే ఆ ఒత్తిడి సిలిండర్ నుంచి వస్తోంది. రేడియేటర్ మూత ఉన్న రకమైతే, చల్లగా ఉన్నప్పుడే మూత తీసి స్టార్ట్ చేసి చూడండి. మొదట్లో నాలుగు బుడగలు వచ్చి ఆగితే అది లోపల ఇరుక్కున్న గాలి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా బుడగలు తెంపు లేకుండా వస్తుంటే అది మండిన వాయువు. ఇంజిన్ వేడెక్కకముందే ఆపేసి మూత పెట్టేయండి.

దీన్ని ఖాయం చేసుకోవడానికి ఒక రసాయన పరీక్ష ఉంది. రేడియేటర్ మూతి మీద గాజు గొట్టం పెట్టి, అందులో నీలం ద్రవం పోసి, కూలెంట్ పైనున్న గాలిని దాని గుండా లాగుతారు. కార్బన్ డయాక్సైడ్ తగిలితే నీలం పసుపుగా మారుతుంది. మారితే ఇక వాదన లేదు. పెట్రోలు బండికి ఇంకో మార్గముంది: ప్రెషర్ టెస్టర్ రాత్రంతా బిగించి ఉంచి, ఉదయం స్పార్క్ ప్లగ్గులు తీసి చూడడం. ఏ సిలిండర్ తడిసి ఉందో, ఏ ప్లగ్గు మిగతావాటికన్నా కడిగినట్టు శుభ్రంగా ఉందో అక్కడే తేడా.

డీజిల్ బండ్లలో ఒక మలుపుంది, దాన్ని తెలుసుకుంటే పెద్ద ఖర్చు తప్పొచ్చు. కూలెంట్ డబ్బాలో నల్లటి ఆయిల్ తేలుతోంది, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మాత్రం శుభ్రంగా ఉంది. ఇది చూసి చాలామంది నేరుగా హెడ్ విప్పేస్తారు. ముందు అనుమానించాల్సింది ఆయిల్ కూలర్‌ను. ఫిల్టర్ పక్కన ఉండే ఈ చిన్న భాగంలో ఆయిల్ ఒక వైపు, కూలెంట్ ఒక వైపు పలుచటి పలకల మధ్య పారుతాయి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి కూలెంట్ ఒత్తిడికన్నా బాగా ఎక్కువ కాబట్టి, పలక తూటు పడితే ఆయిల్ కూలెంట్‌లోకి పోతుంది. కూలర్ విప్పి పరీక్ష చేయించడం హెడ్ విప్పడంకన్నా చాలా తక్కువ పని. పాత ఆటోమేటిక్ గేర్ బండ్లలో కొన్నిటికి గేర్ ఆయిల్ చల్లబరిచే గొట్టం రేడియేటర్ ట్యాంకులోనే ఉంటుంది. గేర్ ఆయిల్ గులాబీ రంగు నురగగా మారితే రేడియేటర్ ఒక్కటే మార్చి ఊరుకోకూడదు, గేర్‌బాక్సు కూడా కడగాలి.

రిపేరు: ఏది మీ చేతిలో పని, ఏది కాదు

హోస్ పైపులు, క్లిప్పులు ఇంట్లోనే మార్చుకోవచ్చు. పాత పైపు అంటుకుపోతే స్క్రూడ్రైవర్‌తో ఎత్తకండి, కింద ఉన్నది ప్లాస్టిక్ మూతి అయితే విరుగుతుంది. బ్లేడుతో పైపునే పొడుగ్గా కోసి విప్పేయండి. మూతి మీద పేరుకున్న తెల్లటి తుప్పును స్క్రబ్బర్‌తో నున్నగా చేయండి. కొత్త పైపు పూర్తిగా లోపలికి తోసి, మూతి మీది ఉబ్బెత్తు అంచు దాటాక క్లిప్పు పెట్టండి. అంచు మీదే పెడితే జారుతుంది. కంపెనీ ఇచ్చిన స్ప్రింగు క్లిప్పు బాగుంటే అదే వాడండి, వేడికి చలికి అది తనంతట తాను సర్దుకుంటుంది. మర క్లిప్పు వాడితే బలమంతా పెట్టి బిగించొద్దు, రబ్బరు తెగుతుంది.

రేడియేటర్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అంబాసిడర్ కాలంలో రాగి, ఇత్తడి రేడియేటర్లు ఉండేవి. వాటికి టంకం పెట్టి, కోర్ మార్చి ఇరవై ఏళ్లు నడిపారు. ఇప్పటి అల్యూమినియం, ప్లాస్టిక్ రేడియేటర్‌కు ఆ పద్ధతి పనికిరాదు. ప్లాస్టిక్ పగులు మీద ఎం-సీల్ మిమ్మల్ని ఊరు చేరుస్తుంది, అంతవరకే. ట్యాంకు, రబ్బరు మాత్రమే మార్చి మళ్లీ మడత వేసే షాపులున్నాయి. కోర్ కొత్తగా ఉంటే అది సరే. పన్నెండేళ్ల కోర్ మీద ఆ ఖర్చు దండగ, కొత్త రేడియేటర్ వేయండి. విప్పినప్పుడు ఏసీ కండెన్సర్ మధ్యలో పేరుకున్న దుమ్ము, పురుగులు ఇంజిన్ వైపు నుంచి మామూలు నీటి ధారతో కడగండి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

వాటర్ పంపు పని బండిని బట్టి ఉంటుంది. బయటి బెల్టుతో తిరిగే పంపు అయితే ఓపికున్నవాళ్లు చేసుకోవచ్చు. డస్టర్, లోగన్‌లో వచ్చిన 1.5 డీసీఐ డీజిల్ లాంటి ఇంజిన్లలో పంపు టైమింగ్ బెల్టుతో తిరుగుతుంది. అక్కడ టైమింగ్ తప్పితే వాల్వులు వంగుతాయి, కాబట్టి తెలిసినవాళ్లకే ఇవ్వండి. పంపు మారిస్తే బెల్టు, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ కూడా మార్పించండి. బెల్టు మార్చే సమయం వస్తే లీకు లేకపోయినా పంపు మార్పించండి, విప్పే కూలి ఒకటే. గ్యాస్కెట్ పెట్టేటప్పుడు సీలెంట్ సన్నటి గీతగా చాలు. బయటికి ఎంత పిండితే లోపలికీ అంతే పిండుతుంది, ఆ ముక్కలు రేడియేటర్ గొట్టాల్లో ఇరుక్కుంటాయి.

థర్మోస్టాట్ పాడైతే కొత్తది వేయండి. "మన ఎండలకు అదెందుకు, తీసి పడేద్దాం" అంటే ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రావడానికి ఆలస్యమవుతుంది, మైలేజీ పడిపోతుంది, కొన్ని ఇంజిన్లలో కూలెంట్ తిరిగే దారే మారిపోయి కొన్ని చోట్ల ఇంకా వేడెక్కుతుంది.

హీటర్ కోర్ మార్చాలంటే చాలా బండ్లలో డాష్‌బోర్డు మొత్తం దిగాలి. పదిహేనేళ్ల బండికి, ఏడాదిలో ఒకసారి లంబసింగి వెళ్తే తప్ప హీటర్ వేయని మనకు, అంత పని అక్కర్లేదనే నేనంటాను. ఇంజిన్ దగ్గర హీటర్‌కు వెళ్లే రెండు గొట్టాలను ఒకదానితో ఒకటి కలిపేసి కోర్‌ను దారి నుంచి తప్పించొచ్చు. రెండు మూతులకూ బిరడాలు కొట్టి మూసేయడం మాత్రం వద్దు. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ మూసి ఉన్నప్పుడు కూలెంట్ తిరిగేది ఆ దారిలోనే.

హెడ్ గ్యాస్కెట్ ఇంటి పని కాదు. మీరు చేయాల్సింది గ్యారేజీలో సరైన ప్రశ్నలు అడగడం. హెడ్‌ను లేత్ షాపుకు పంపి చదును చూపిస్తారా, పగుళ్లకు ప్రెషర్ పెడతారా? హెడ్ బోల్టులు కొత్తవి వేస్తారా? చాలా ఇంజిన్లలో అవి ఒకసారి బిగించాక సాగిపోయే రకం, పాతవి మళ్లీ వాడకూడదు. టార్క్ రెంచ్‌తో, కంపెనీ చెప్పిన వరుసలో, చెప్పిన కోణంలో బిగిస్తారా? వీటిలో దేనికైనా "అవసరం లేదు సార్" అనే జవాబు వస్తే ఇంకో గ్యారేజీ చూసుకోండి. గ్యాస్కెట్ ఎందుకు పోయిందో కూడా తేల్చుకోవాలి. ఫ్యాన్ తిరగకో, రేడియేటర్ మూసుకుపోయో పోయి ఉంటే, ఆ కారణం అలాగే ఉంచి వేసిన కొత్త గ్యాస్కెట్ కూడా పోతుంది.

పసుపు, స్టాప్ లీక్ డబ్బాలు

లారీ డ్రైవర్లు రేడియేటర్‌లో పసుపు పోయడం చాలామందికి తెలుసు. పొడి నానిపోయి చిన్న రంధ్రంలో ఇరుక్కుని కాసేపు ఆపుతుంది. శ్రీశైలం అడవిలో రాత్రి ఇరుక్కుంటే నేనూ అదే చేయమంటాను. అదే పొడి హీటర్ కోర్‌లోనూ, రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ ఇరుక్కుంటుంది కాబట్టి ఊరు చేరగానే మొత్తం కడిగించాలి. దుకాణంలో కొనే స్టాప్ లీక్ కూడా ఇలా ఇరుక్కుని పనిచేసేదే. బండి అమ్మే ముందు రోజు పోసేవాళ్లు ఎక్కువ, కాబట్టి సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు కూలెంట్ మూత తీసి బురదలాంటి ముద్దలున్నాయేమో చూసుకోండి.

కడగడం, నింపడం, గాలి తీయడం

చల్లని ఇంజిన్‌లో కింది ప్లగ్గు తిప్పి పాత కూలెంట్ పళ్లెంలో పట్టండి. మంచి నీళ్లతో నింపి, ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, చల్లార్చి, మళ్లీ వదలండి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలాగే. చివరిసారి మాత్రం డిస్టిల్డ్ వాటర్ వాడండి, బ్యాటరీలకు పోసేది. బోరు నీళ్లు వద్దు. మన ప్రాంతాల్లో చాలాచోట్ల బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, గిన్నెల్లో కట్టే తెల్లపొరే సిలిండర్ చుట్టూ కట్టి వేడి బయటికి పోనివ్వదు.

కూలెంట్ రంగును బట్టి కొనకండి. రంగు కంపెనీ కలిపే అద్దకం మాత్రమే, దానికి ప్రమాణమేమీ లేదు. మీ బండి మాన్యువల్‌లో చెప్పిన రకమే కొనండి, డబ్బా మీద ఐఎస్ 5759 గానీ, జేఐఎస్ కే 2234 గానీ ఉందో చూడండి. రెండు రకాలు కలిపితే కొన్నిసార్లు జిగురుగా మారుతుంది, తుప్పు ఆపే గుణమైతే తప్పకుండా తగ్గుతుంది.

రెడీమిక్స్ అని రాసి ఉంటే నీళ్లు కలపకుండా నేరుగా పోయాలి. అయితే కడిగిన నీళ్లు కొంత ఇంజిన్ బ్లాకులోనే మిగిలిపోతాయి, ఇక్కడే లెక్క తప్పుతుంది. మీ బండి మొత్తం 5 లీటర్లు పడుతుందనుకుందాం, వదిలినప్పుడు మూడున్నర లీటర్లే వచ్చాయి, అంటే లోపల లీటరున్నర నీళ్లున్నాయి. ఇప్పుడు రెడీమిక్స్ పోస్తే పలచబడిపోతుంది. కాబట్టి కడిగిన తర్వాత చిక్కటి కాన్‌సెంట్రేట్ కొనండి. సగం సగం కావాలంటే ముందు రెండున్నర లీటర్ల కాన్‌సెంట్రేట్ పోసి, మిగిలిన లీటరు డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి.

గాలి తీయడంలో తొందరపడితే చేసిన పనంతా వృథా. బండి ముందు భాగం కాస్త ఎత్తులో నిలపండి. హీటర్ పూర్తి వేడి మీద పెట్టండి. గాలి వదిలే స్క్రూ ఉంటే దాన్ని వదులు చేసి, బుడగ లేకుండా కూలెంట్ వచ్చాక బిగించండి. నెమ్మదిగా పోస్తూ పై హోస్ పైపును పిసుకుతూ ఉండండి. మూత పెట్టి స్టార్ట్ చేసి ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడపండి. ఈ సమయమంతా టెంపరేచర్ ముల్లు మీద కన్నుండాలి. ఆపి, రాత్రంతా చల్లార్చి, ఉదయం మట్టం చూడండి. కొద్దిగా దిగుతుంది, నింపండి. మర్నాడూ చూడండి.

దారిలో ముల్లు పైకి ఎక్కితే

ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా వేసి, కిటికీలు దించి, వీలైనంత త్వరగా పక్కకు ఆపండి. బానెట్ నుంచి ఆవిరి వస్తున్నా, కూలెంట్ హెచ్చరిక లైటు వెలిగినా ఇంజిన్ వెంటనే ఆపేయండి. అలాంటివేమీ లేకుండా ట్రాఫిక్ వల్ల మాత్రమే వేడెక్కితే ఐడిల్‌లో ఫ్యాన్ తిరగనివ్వండి, ముల్లు దిగకపోతే ఆపండి. అకస్మాత్తుగా ముల్లు చల్లటి వైపు పడిపోతే సంతోషించకండి. కూలెంట్ మొత్తం పోతే సెన్సర్ గాలిలో ఉండి తప్పు చూపిస్తుంది. వేడి ఇంజిన్‌లో చల్లటి నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగులుతుంది. ముందు చెప్పినట్టే ఇంజిన్ చల్లారేదాకా ఆగి, పై హోస్ పైపు మెత్తబడ్డాక, మందపాటి గుడ్డ వేసి మూతను సగం తిప్పి ఒత్తిడి వదిలాకే తీయండి. గ్యారేజీ దాకా వెళ్లడానికి తాగే నీళ్ల బాటిల్ చాలు, తర్వాత అది వదిలించి సరైన కూలెంట్ పోయించండి.

బాగయ్యాక కూడా

పాత బండిలో ఒక లీకు మూసిన వారానికే ఇంకోచోట మొదలవడం చూసి మెకానిక్‌ను తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు అతనిది కాదు. ఇన్నాళ్లూ లీకు వల్ల వ్యవస్థలో ఒత్తిడి నిలవలేదు. ఇప్పుడు నిలుస్తోంది, దాంతో తర్వాత బలహీనంగా ఉన్న అతుకు బయటపడుతోంది. అందుకే రేడియేటర్ గానీ పంపు గానీ మార్చేటప్పుడు మూత, పైనా కిందా హోస్ పైపులు, క్లిప్పులు కూడా కలిపి మార్చేయమంటాను. పని అయ్యాక ప్రెషర్ టెస్ట్ మళ్లీ చేయించండి, పదిహేను నిమిషాలు ముల్లు కదలకూడదు. మొదటి వారం రోజూ ఉదయం, తర్వాత వెయ్యి కిలోమీటర్ల దాకా వారానికోసారి మట్టం చూడండి. మర క్లిప్పులు వేసి ఉంటే ఆ వెయ్యి కిలోమీటర్ల దగ్గర, చల్లని ఇంజిన్ మీద, పావు చుట్టు బిగించాల్సి వస్తుందేమో ఒకసారి చూసుకోండి.